ప్రీపెయిడ్ డాంగుల్‌ను ల్యాప్‌టాప్‌కు అమర్చడం: కనెక్షన్ కంటే ముందు కళ్లెం

మీరు చెప్పిన ఇబ్బందులు రెండు. కొత్త డాంగుల్‌లో (యూఎస్‌బీ పోర్టుకు పెట్టి, మొబైల్ సిమ్‌తో నెట్ తెచ్చుకునే చిన్న పరికరం) ప్రీపెయిడ్ సిమ్ వేసి ల్యాప్‌టాప్‌కు పెడితే లైటు వెలుగుతోంది, సిగ్నల్ గీతలు కూడా కనిపిస్తున్నాయి, కానీ ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు. అంతకుముందు వేరే సిమ్‌తో కనెక్ట్ అయినప్పుడు, మీరు మెయిల్ తప్ప ఏమీ చూడకపోయినా రాత్రికి రాత్రి ప్యాక్ మొత్తం ఖాళీ అయింది. మొదటిదానికి కారణం చాలావరకు ఏపీఎన్ సెట్టింగే, అంటే మొబైల్ కంపెనీ ఇంటర్నెట్‌లోకి ఏ దారిన వెళ్లాలో చెప్పే పేరే అయి ఉంటుంది. రెండవదానికి డాంగుల్‌ను తప్పుపట్టనక్కర్లేదు, మొబైల్ కంపెనీని అంతకన్నా అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్ తాను తీగ ద్వారా వచ్చే అపరిమిత ఇంటర్నెట్ మీద ఉన్నానని అనుకుంటోంది. ఇది కొలిచి ఇచ్చే ప్రీపెయిడ్ డేటా అని దానికి ఎవరూ చెప్పలేదు.

నెట్ రావడం లేదంటే సాయం చేసేవాళ్లు చాలామంది దొరుకుతారు. డేటా ఎటు పోయిందో చెప్పేవాళ్లే తక్కువ. నెలకు ఇంత అని కట్టే కనెక్షన్‌లో ఇది పెద్ద విషయం కాదు. వాడుకున్నంతకే చెల్లించే కనెక్షన్‌లో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. అందుకే మామూలుగా చెప్పే క్రమాన్ని తిరగేసి చెబుతాను. ముందు ల్యాప్‌టాప్‌కు కళ్లెం వేద్దాం, ఆ తర్వాతే ఇంటర్నెట్ కలుపుదాం.

సిమ్‌ను డాంగుల్‌లో వేయకముందు ఒకసారి మామూలు ఫోనులో వేయండి. ఈ ఒక్క పనితో సగం చిక్కులు అక్కడే తేలిపోతాయి. సిమ్ యాక్టివేట్ అయిందా, మీరు కొన్న డేటా ప్యాక్ నిజంగా దాని మీద ఉందా, వైఫై ఆపేసినా ఫోనులో వెబ్‌సైటు తెరుచుకుంటోందా, ఇవన్నీ చూడండి. ఫోనులోనే నెట్ రాకపోతే డాంగుల్‌తో గంటలు కుస్తీపట్టినా ప్రయోజనం ఉండదు, మొబైల్ కంపెనీతో మాట్లాడాల్సిందే. ఫోనులో పనిచేస్తుంటే మాత్రం మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏపీఎన్ అని ఉన్న చోట ఏమి రాసి ఉందో అక్షరం పొల్లు పోకుండా కాగితం మీద రాసుకోండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ గళ్లు ఖాళీగా ఉంటే ఖాళీ అని కూడా రాసుకోండి. చాలా కంపెనీలకు అవి ఖాళీగానే ఉంటాయి.

అదే సమయంలో సిమ్ పిన్ సంగతి కూడా తేల్చుకోండి. ఆన్ చేసిన ప్రతిసారీ పిన్ అడిగే సిమ్‌తో కొన్ని డాంగుళ్లు సరిగా నడవవు, లైటు వెలుగుతూనే ఉంటుంది గానీ నెట్‌వర్క్‌లో చేరవు. పిన్ తీసేయాలంటే ఫోనులో తీసేయడమే సులువు. పిన్‌ను ఊహించి కొట్టకండి. వరుసగా 3 సార్లు తప్పితే సిమ్ పీయూకే కోడ్ (ఆగిపోయిన సిమ్‌ను తెరిచేందుకు కంపెనీ ఇచ్చే కోడ్) అడుగుతుంది, పీయూకే 10 సార్లు తప్పితే ఆ సిమ్ శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. అదే నంబరుకు కంపెనీ దగ్గర కొత్త సిమ్ తీసుకోవాల్సి వస్తుంది.

సిమ్ సైజు కూడా చూసుకోవాలి. పాత డాంగుళ్లు చాలావరకు 25 మిల్లీమీటర్ల పొడవున్న పెద్ద సిమ్ కోసం చేసినవి. ఇప్పుడు వచ్చే నానో సిమ్ 12.3 మిల్లీమీటర్లే ఉంటుంది. మధ్యలో ప్లాస్టిక్ చట్రం వాడితే సరిపోతుంది, కానీ ఖాళీ చట్రాన్ని మాత్రం లోపలికి తోయకండి. బయటికి లాగేటప్పుడు లోపలి సన్నని పిన్నులు దానికి చిక్కుకుని వంగిపోతాయి, ఆ తర్వాత ఏ సిమ్ వేసినా "సిమ్ లేదు" అనే వస్తుంది. నానో సిమ్‌ను చట్రంలో గట్టిగా కూర్చోబెట్టి, రెండూ ఒకే మట్టంలో ఉన్నాయని వేలితో తడిమి చూసి, అప్పుడే లోపలికి పంపండి.

ఇక డాంగుల్ దగ్గరికి వద్దాం. చాలా డాంగుళ్లు పోర్టులో పెట్టగానే మోడెమ్‌లా కాక ఒక సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. అందులో డ్రైవర్, చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఇంటర్నెట్ లేని చోట ఇంటర్నెట్ కోసం కావలసిన డ్రైవర్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? ఆ చిక్కు రాకుండా దాన్ని డాంగుల్‌లోనే పెట్టారు. ఆ సీడీలోని ప్రోగ్రాం నడిపించాక డాంగుల్ తన వేషం మార్చుకుని మోడెమ్ అవుతుంది. ఆ మార్పు జరగకపోతే కంప్యూటర్‌కు అది సీడీ డ్రైవ్‌గానే మిగిలిపోతుంది. లైటు వెలుగుతున్నా నెట్ కనెక్షన్ల జాబితాలో ఏమీ కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మోడెమ్‌గా మారాక అది మూడు రకాలలో ఏదో ఒకటిగా పనిచేస్తుంది. మీది ఏ రకమో తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే డేటా హరించుకుపోయే ప్రమాదం మూడింటిలో ఒకేలా ఉండదు.

పాతకాలపు రకం డయల్ చేసేది. సాఫ్ట్‌వేర్‌లో కనెక్ట్ అని నొక్కితే అది *99# అనే నంబరుకు డయల్ చేసి కలుస్తుంది. మీరు నొక్కేదాకా కలవదు, ఆపమంటే ఆగుతుంది. అందుకే దీనితో అనుకోకుండా డేటా పోవడం తక్కువ. రెండవ రకాన్ని విండోస్ నేరుగా సెల్యులార్ కనెక్షన్‌గా గుర్తిస్తుంది. ఇది మొబైల్ డేటా అని దానికి తెలుసు కాబట్టి మొదటి నుంచీ పొదుపుగానే వాడుతుంది.

మూడవ రకం డాంగుల్ తనంతట తానే ఒక చిన్న రౌటర్. హువావే కంపెనీ దీనిని హైలింక్ అంటుంది, ఈ3372 మోడల్‌లో బాగా వాడుకలో ఉన్న ఒక రకం ఇలాంటిదే. సిమ్‌తో మాట్లాడే పని మొత్తం డాంగుల్ లోపలే జరిగిపోతుంది. ల్యాప్‌టాప్‌కు మాత్రం అది ఈథర్‌నెట్ తీగలా కనిపిస్తుంది. బ్రౌజర్‌లో 192.168.8.1 అని కొడితే దాని సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. జెడ్‌టీఈ డాంగుళ్లలో చాలావాటికి ఆ చిరునామా 192.168.0.1. వాడటానికి అన్నిటికంటే సుఖమైనది ఈ రకమే, ఏపీఎన్ డాంగుల్‌లోనే భద్రంగా ఉంటుంది కాబట్టి ఏ కంప్యూటర్‌కు పెట్టినా నడుస్తుంది. ఒక్క రాత్రిలో ప్యాక్ ఖాళీ చేసేది కూడా ఇదే. విండోస్ కళ్లకు అది ఇంట్లోకి వచ్చిన తీగ కాబట్టి నెలల తరబడి పేరుకుపోయిన అప్‌డేట్లు, క్లౌడ్ ఫోల్డర్లలోని ఫోటోలు, ఆటల కొత్త వెర్షన్లు అన్నీ ఒకేసారి దించుకోవడం మొదలుపెడుతుంది. లెక్క చూడండి. సెకనుకు 20 మెగాబిట్ల వేగం అందితే 10 జీబీ డేటా 4000 సెకన్లలో, అంటే గంటా పది నిమిషాలలోపే పూర్తవుతుంది. మీరు నిద్రపోతున్న ఎనిమిది గంటలూ దానికి అవసరం లేదు.

కళ్లెం వేసే తీరు ఇది. డాంగుల్‌ను మొదటిసారి సిమ్ లేకుండానే ల్యాప్‌టాప్‌కు పెట్టండి. సిమ్ లేకపోయినా హైలింక్ రకం డాంగుల్ ఈథర్‌నెట్‌లా కనిపిస్తుంది, దాని పేజీ కూడా తెరుచుకుంటుంది. అంటే ఖర్చయ్యే డేటా ఏదీ లేకుండానే సెట్టింగులన్నీ తీరిగ్గా చేసుకోవచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, కొత్తగా కనిపిస్తున్న ఈథర్‌నెట్ కనెక్షన్‌ను తెరిచి, మీటర్డ్ కనెక్షన్ (కొలిచి ఇచ్చే కనెక్షన్) అన్న మీటను ఆన్ చేయండి. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి ఈథర్‌నెట్‌కు కూడా ఈ మీట సెట్టింగ్స్‌లోనే ఉంది. అది ఆన్ అయ్యాక పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగిపోతాయి, వన్‌డ్రైవ్ తన పని నిలిపేస్తుంది. పేరు ఒకేలా ఉన్న రెండు ఈథర్‌నెట్ కనెక్షన్లు కనిపిస్తే, డాంగుల్‌ను తీసినప్పుడు ఏది మాయమవుతుందో చూడండి, మీకు కావలసింది అదే.

అక్కడితో ఆగకండి. మీటర్డ్ అన్న గుర్తును విండోస్ గౌరవిస్తుంది, మిగతా ప్రోగ్రాములన్నీ గౌరవిస్తాయన్న భరోసా లేదు. వేరే కంపెనీల క్లౌడ్ ఫోల్డర్లు, ఆటల లాంచర్లు, వాటంతట అవే మొదలయ్యే వీడియోలు దాన్ని పట్టించుకోకపోవచ్చు. ఒక్కొక్కటీ తెరిచి ఆపండి. విండోస్ అప్‌డేట్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మీ కంప్యూటర్ దించుకున్న అప్‌డేట్లను ఇంటర్నెట్‌లో ఇతరుల కంప్యూటర్లకు పంచేందుకు అది అనుమతి ఇస్తుంది. మీ డబ్బుతో కొన్న డేటాను ఇతరులకు పంచే ఆ మీటను ఆపేయండి. డేటా యూసేజ్ పేజీలో మీ ప్యాక్ పరిమితిని నమోదు చేస్తే దగ్గరపడుతున్నప్పుడు హెచ్చరిక వస్తుంది. అదే పేజీలో ఏ ప్రోగ్రాం ఎంత వాడిందో కూడా చూపిస్తుంది. మీ పాత ప్యాక్ ఎవరి పాలైందో తెలుసుకోవాలంటే ఇప్పుడే వెళ్లి చూడండి, పోయిన 30 రోజుల లెక్క అక్కడ ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక డాంగుల్‌ను తీసి, సిమ్ వేసి, మళ్లీ పెట్టండి. లైటు రంగుల అర్థం కంపెనీకో తీరుగా ఉంటుంది గానీ, సాధారణంగా మినుకుమినుకుమంటే ఇంకా వెతుకుతోందని, నిలకడగా వెలిగితే కలిసిందని అనుకోవచ్చు. సెట్టింగ్స్ పేజీలో ప్రొఫైల్ మేనేజ్‌మెంట్ అని గాని, ఏపీఎన్ అని గాని ఉన్న చోటికి వెళ్లి కొత్త ప్రొఫైల్ చేసి, ఫోను చూసి రాసుకున్న ఏపీఎన్‌ను అలాగే ఎక్కించండి. మధ్యలో గాని చివర గాని ఖాళీ పడకూడదు. ఆ ప్రొఫైల్‌ను డీఫాల్ట్‌గా ఎంచుకుని సేవ్ చేయండి. చాలామంది కొత్త ప్రొఫైల్ చేసి, దాన్ని డీఫాల్ట్‌గా ఎంచుకోవడం మరిచిపోతారు, దాంతో డాంగుల్ పాత ఏపీఎన్‌తోనే ప్రయత్నిస్తూ ఉంటుంది. డయల్ చేసే రకంలో ఈ గడి డాంగుల్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. పక్కనే రోమింగ్ మీట కనిపిస్తే ఆపేయండి. దేశ సరిహద్దుల దగ్గర ఉండేవారికి ఇది మరీ ముఖ్యం. మీ కంపెనీ సిగ్నల్ అందని చోట పొరుగు దేశపు టవర్ దొరికితే డాంగుల్ దానికి అంటుకుంటుంది, రోమింగ్ ధరలో బ్యాలెన్స్ నిమిషాల్లో ఆవిరవుతుంది.

ఇంకా వెబ్‌సైటు తెరుచుకోకపోతే ఊరికే అన్నీ మార్చేయకండి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఎక్కడ ఆగుతోందో చూడండి. డాంగుల్ పేజీయే తెరుచుకోకపోతే అది డ్రైవర్ సమస్య గాని, పోర్టు సమస్య గాని. మధ్యలో హబ్ (ఒక యూఎస్‌బీ పోర్టును చాలా పోర్టులుగా చేసే పెట్టె) ఉంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది గరిష్ఠంగా 500 మిల్లీఆంపియర్లు. టవర్ దూరంగా ఉండి డాంగుల్ గట్టిగా ప్రసారం చేయాల్సి వచ్చినప్పుడు, అదే కరెంటును హబ్‌లో నాలుగు పరికరాలు పంచుకుంటుంటే అది ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. పేజీ తెరుచుకున్నా మొబైల్ కంపెనీ పేరు కనిపించకపోతే సిమ్, పిన్, సిగ్నల్‌లలో ఒకటి కారణం. డాంగుల్‌ను అమ్మిన కంపెనీ దాన్ని తన సిమ్‌లకే తాళం వేసి ఉండవచ్చు కూడా. అప్పుడు అన్‌లాక్ కోడ్ అడుగుతుంది. దాన్ని కూడా ఊహించి కొట్టకూడదు, ప్రయత్నాలకు లెక్క ఉంటుంది.

కంపెనీ పేరు కనిపించి, కనెక్ట్ మాత్రం కాకపోతే ఏపీఎన్ తప్పు, లేదా ప్యాక్ లేదు. మీ వర్ణనను బట్టి మీరు ఆగింది ఈ మెట్టు మీదే. కనెక్టెడ్ అని వచ్చి, ఐపీ చిరునామా కూడా కనిపిస్తూ, సైట్లు మాత్రం రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ ఆదేశానికి 8.8.8.8 అనే చిరునామా ఇచ్చి చూడండి. జవాబులు వస్తుంటే దారి బాగానే ఉంది, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గరే తేడా. ఏ సైటు కొట్టినా మొబైల్ కంపెనీ రీఛార్జ్ పేజీయే వస్తుంటే సమస్య సాంకేతికం కాదు, డబ్బు వేయాలి.

డాంగుల్ మరీ పాతదైతే ఇంకో అడ్డంకి ఉంది. 3జీ మాత్రమే తెలిసిన డాంగుళ్లు ఒకప్పుడు కోట్లలో అమ్ముడయ్యాయి. ఇప్పుడు చాలా దేశాల్లో 3జీ నెట్‌వర్కులనే మూసేశారు. జర్మనీలో 2021లో, అమెరికాలో 2022లో ఆ పని పూర్తయింది. అలాంటి చోట 3జీ డాంగుల్ ఎంత బాగున్నా దానికి కలవడానికి నెట్‌వర్కే ఉండదు. పెట్టె మీద 4జీ లేదా ఎల్‌టీఈ అని ఉందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ధర చూసి మోసపోకూడదు.

సిగ్నల్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గీతలను నమ్మకండి, ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నది తయారుచేసినవారి ఇష్టం. డాంగుల్ పేజీలో డివైస్ ఇన్ఫర్మేషన్ లాంటి చోట ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె ఉంటే అదే అసలు కొలత. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 80 అంటే చాలా బాగుంది, మైనస్ 100 అంటే నెట్టుకురావచ్చు, మైనస్ 110 దాటిందంటే తరచూ తెగిపోతుంది. 10 అంకెల తేడా అంటే సిగ్నల్ బలంలో పది రెట్ల తేడా. పక్కనే ఎస్‌ఐఎన్‌ఆర్ అని ఇంకొకటి ఉంటుంది. చుట్టూ ఉన్న రేడియో రొదతో పోలిస్తే మన సిగ్నల్ ఎంత పైన ఉందో అది చెబుతుంది. 20 దాటితే చాలా మంచిది, సున్నా కంటే తగ్గితే గీతలు నిండుగా ఉన్నా వేగం రాదు.

ఈ అంకెలను మెరుగుపరచడానికి అన్నిటికంటే చవకైన సాధనం ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్. డాంగుల్ ల్యాప్‌టాప్ పక్కనే అతుక్కుని ఉంటే యంత్రం లోపలి రేడియో రొద దాని మీద పడుతుంది. మీటరు, మీటరున్నర కేబుల్‌తో దాన్ని కిటికీ దగ్గరికి జరిపి, పేజీ తెరిచి ఉంచి, ఒక్కో చోట అర నిమిషం ఆగి అంకె చూడండి. కిటికీ అంచున నిలబెట్టినప్పుడు మైనస్ 104 ఉన్నది, అదే కిటికీ పైమూలకు చేర్చగానే మైనస్ 95 కావడం మామూలే. ఆ కాస్త దూరంలోనే ఎనిమిది రెట్ల బలం వచ్చినట్టు. కేబుల్ మరీ పొడవైతే కరెంటు తగ్గి డాంగుల్ ఆగిపోతుంది, యూఎస్‌బీ 2.0కు 5 మీటర్లే గరిష్ఠ హద్దు, రెండు మీటర్లు దాటకపోవడం మేలు. అంకెలన్నీ బాగుండి సాయంత్రాలు మాత్రమే నెమ్మదిస్తే అది టవర్ మీద రద్దీ, మీరు చేయగలిగింది పెద్దగా లేదు. పెద్ద ఫైళ్లను తెల్లవారుజామున దించుకోండి.

మ్యాక్, లైనక్స్ వాడేవారికి రెండు మాటలు. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనా నుంచి 32 బిట్ ప్రోగ్రాములు నడవవు, అందువల్ల పాత డాంగుళ్లలో ఉన్న మ్యాక్ సాఫ్ట్‌వేర్ చాలావరకు పనికిరాదు. కొనే ముందే మీ వెర్షన్‌లో పనిచేస్తుందో లేదో నిర్ధారించుకోండి. లైనక్స్‌లో పరిస్థితి దీనికంటే మెరుగు. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాం డాంగుల్‌ను సీడీ వేషం నుంచి బయటికి తెస్తుంది, మోడెమ్ మేనేజర్ మిగతాది చూసుకుంటుంది, మీరు నెట్‌వర్క్ మేనేజర్‌లో ఏపీఎన్ ఇస్తే చాలు.

రీఛార్జ్‌ల సంగతి వేరుగా చెప్పాలి. డేటా ప్యాక్ వేరు, మెయిన్ బ్యాలెన్స్ వేరు. ప్యాక్ ముగిశాక కొన్ని కంపెనీలు నెట్ ఆపేస్తాయి, కొన్ని ఒక్కో ఎంబీకి ఇంత చొప్పున మెయిన్ బ్యాలెన్స్‌లో కోసుకుంటాయి. మీ కంపెనీది ఏ పద్ధతో ముందే అడగండి. రెండవ పద్ధతైతే మెయిన్ బ్యాలెన్స్‌లో డబ్బు ఉంచకుండా ప్యాక్‌లే కొనండి. ప్యాక్ సైజు ఎంచుకునేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకోండి, సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో గంటసేపు డేటా పారితే 450 ఎంబీ ఖర్చవుతుంది. సెకనుకు 5 మెగాబిట్లు తీసుకునే వీడియో గంటకు 2.25 జీబీ తింటుంది. అదే వీడియోను నాణ్యత తగ్గించి 1.5 మెగాబిట్లకు తెస్తే 675 ఎంబీతో సరిపోతుంది. మెయిళ్లు, వార్తలు చదవడం, బ్యాంకు పనులు వీటి ముందు లెక్కలోకి రావు.

రీఛార్జ్ ఖాతాలోకి లాగిన్ కావాలంటే ఓటీపీ ఆ సిమ్ నంబరుకే వస్తుంది, సిమ్ ఏమో డాంగుల్‌లో ఉంది. ప్రతిసారీ దాన్ని తీసి ఫోనులో వేయనక్కర్లేదు. డాంగుల్ పేజీలో ఎస్‌ఎంఎస్ అనే భాగం ఉంటుంది, సందేశాలు అక్కడ చదువుకోవచ్చు. ప్యాక్ అయిపోవస్తోందని కంపెనీ పంపే హెచ్చరికలు కూడా అక్కడికే వస్తాయి, ఎవరూ చూడక అలాగే పడి ఉంటాయి. ఆ డబ్బా నిండిపోతే కొత్త ఓటీపీలు రావు, కాబట్టి అప్పుడప్పుడు పాతవి తుడిచేయండి.

బయటి నుంచి మీ ల్యాప్‌టాప్‌లోకి రావాల్సిన పనులు, అంటే ఇంట్లోని కెమెరాను నేరుగా చూడటం, సొంత సర్వర్ నడపడం లాంటివి, ఈ కనెక్షన్ మీద సాధారణంగా కుదరవు. మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ చిరునామాను ఎంతోమందికి కలిపి వాడతాయి. డాంగుల్ పేజీలో మీ ఐపీ చిరునామా 10, దాని వెంటనే చుక్కతో గాని, 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో గాని మొదలైతే మీరు ఆ గుంపులో ఉన్నట్టే. బయటి నుంచి వచ్చేవాటిని మీ కంప్యూటర్‌కు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ సెట్టింగ్‌తో కుస్తీపట్టి సమయం వృథా చేసుకోకండి.

వైఫై ఉన్న చోటికి వెళ్లినప్పుడు డాంగుల్‌ను తీసేయండి. రెండూ ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ హైలింక్ డాంగుల్ ఈథర్‌నెట్‌లా కనిపిస్తుంది కాబట్టి విండోస్ వైఫైని పక్కనబెట్టి డాంగుల్ దారినే ఎంచుకోవచ్చు. ఉచితంగా వచ్చే నెట్ పక్కన ఉండగానే కొన్న డేటా కరిగిపోతుంది. తీసినా సిమ్‌ను నెలల తరబడి మరిచిపోకండి. రీఛార్జ్ లేకుండా గడువు దాటితే కంపెనీ ఆ సిమ్‌ను రద్దుచేస్తుంది, మిగిలిన బ్యాలెన్స్ పోతుంది, ఆ నంబరు తర్వాత మరొకరికి ఇచ్చేస్తారు. ఆ గడువు తేదీని ఫోనులో రిమైండర్‌గా పెట్టుకోండి, బ్యాంకు ఖాతాలకు మాత్రం ఈ నంబరు ఇవ్వకండి.